జోడిగుడలో సర్వర్ హత్య

సోమవారం ఉదయం తొమ్మిదింబావుకి అరకులోయ అంచున, జోడిగుడ అనే ఊళ్లో ఒక హత్య జరిగింది.

చచ్చింది సర్వర్. ఇడ్లీలు వడ్డించే సర్వర్ కాదు, కంప్యూటర్లకి ఫైళ్లు వడ్డించే సర్వర్. వయసు పదిహేడేళ్లు. నివాసం జోడిగుడ గిరిజన కాఫీ రైతుల సంఘం ఆఫీసులో, కిటికీ పక్క బల్ల కింద. ఎవరో దాని కరెంటు తీగ మధ్యలో అగ్గిపెట్టెంత యంత్రం ఇరికించారు. చిటికెలో మదర్‌బోర్డు మాడిన అప్పడమైంది. మదర్ పోయాక పిల్లల గతేమిటి? దానికి తగిలించిన తొమ్మిది పాత కంప్యూటర్లూ తల్లి లేని కోడిపిల్లల్లా బిక్కచచ్చి కూర్చున్నాయి.

పదింటికల్లా హెల్డ్‌విక్ ఫౌండేషన్ అనే విదేశీ ధర్మసంస్థ వేన్ వాకిట్లో ఆగింది. కొత్త సర్వర్, దానిమీద ‘హరితనెట్’ అనే నెట్‌వర్క్ ఆపరేటింగ్ సిస్టమ్, నేర్పడానికి ఒక ట్రైనరు. అన్నీ ఫ్రీ! పీనుగ లేవకముందే పెళ్లి సంబంధం తెచ్చినట్టు.

“ఆ తొందరే నాకు నచ్చలేదు,” అన్నాడు చీఫ్ రవికుమార్, బుధవారం విశాఖపట్నంలో.

అది రహస్య శాఖ ఆఫీసు. పైకి మాత్రం జెరాక్స్ అండ్ లామినేషన్ షాపు. చీఫ్ ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ సర్వేశ్వరరావు. వయసు నలభై తొమ్మిది, నడుము నలభై రెండు. ఇరవై ఏళ్లు కంప్యూటర్లతో కాపురం చేసినవాడు కాబట్టి శాఖలో కోడ్‌నేమ్ ‘సర్వర్’. ఆ పేరు పెట్టింది మొదలు హోటల్లో ఎవరు “సర్వర్!” అని కేకేసినా ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాడు. రెండుసార్లు కాఫీ కూడా తెచ్చిచ్చాడు.

“బ్రీఫింగ్ విను. బ్రీఫ్‌గానే చెబుతా,” అన్నాడు చీఫ్. “సంఘంలో పదకొండువందల నలభై కుటుంబాలు. ఒక్కొక్కరి కాఫీ తోట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిన చిట్టా ఆ కంప్యూటర్లలో ఉంది. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడింటి దాకా సర్కారు పెద్దాఫీసు పోర్టల్ తెరుస్తారు. ఆ అరగంటలో మొదట చేరిన చిట్టా ఖరారు. తర్వాత వచ్చింది తీసుకోరు. అందులో పేరు లేనివాడికి కొండమీద చోటు లేదు.”

“అరగంటేనా సార్?”

“అదే ఎక్కువనుకున్నారట.”

“మరి హెల్డ్‌విక్‌కి ఏం కావాలి?”

“తూర్పు కొండ. దాని కడుపులో లోహం ఉంది. పైన రెండువందల పద్నాలుగు కుటుంబాల తోటలున్నాయి. ఆ పేర్లు ఎగిరిపోతే కొండ ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిది హెల్డ్‌విక్‌ది. దీని వెనకున్నవాడు క్రాన్. మూడు దేశాల్లో కొండలు మింగి నీళ్లు తాగినవాడు.”

చీఫ్ మూడు సీడీలు బల్లమీద పరిచాడు. “పాత కంప్యూటర్లకి ఏ నెట్‌వర్క్ సిస్టమ్ పనికొస్తుందో పరీక్షించడానికి వచ్చిన కన్సల్టెంటువి నువ్వు. అదే నీ మారువేషం.”

“వచ్చిన పనే చెయ్యడం మారువేషమా సార్?”

“మన శాఖలో పని చేస్తూ కనిపిస్తే ఎవడూ గుర్తుపట్టడు,” అన్నాడు చీఫ్. తర్వాత చేతికో గడియారం తొడిగాడు. అది ఫొటో తీస్తుంది, గొంతు రికార్డు చేస్తుంది, వేడి కొలుస్తుంది. టైము మాత్రం చెప్పదు. “ఇంకో సంగతి. హెల్డ్‌విక్ ట్రైనరు సోని మన మనిషే. రైల్లో కలుస్తుంది. కోడ్ మాట రాసుకో. రాసుకున్న కాగితం తినెయ్.”

రావు తిన్నాడు. లామినేట్ చేసిన కాగితం. నమలడానికి పావుగంట పట్టింది.

గురువారం పొద్దున్న రైలు ఘాట్ ఎక్కుతూ సొరంగంలోంచి సొరంగంలోకి దూరుతోంది. బొర్రా స్టేషన్ దాటాక ఒక సొరంగంలో దూరేటప్పుడు రావు ఎదుటి సీటు ఖాళీ. వెలుతురొచ్చేసరికి ఆ సీట్లో ఒక సుందరి. నల్లకళ్లద్దాలు, ఎర్ర పెదవులు, ఒళ్లో లాప్‌టాప్.

“బొర్రా గుహల్లో గబ్బిలాలకి అద్దె ఎంత?” అన్నాడు రావు, కిటికీతో మాట్లాడుతున్నట్టు.

“అడ్వాన్సు లేదు. తలకిందులుగా ఉంటే చాలు,” అందామె. “నేనే సోని. ఏది కనిపెట్టినా ముందు నాకే చెప్పండి.”

అంత చక్కటి మాట అంత చక్కటి నోట్లోంచి వస్తే కాదనడానికి రావేమీ రుషి కాదు.

జోడిగుడ ఆఫీసు గట్టుమీద ఉంది. కిటికీలోంచి చూస్తే కింద లోయలో ఘాట్ రోడ్డు మలుపు కనబడుతుంది. గుమ్మంలో సంఘం సెక్రటరీ పాంగి కనక నిలబడి ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి. పన్నెండేళ్లు కొండకొండా ఎక్కి, ముసలివాళ్లని వెంటబెట్టుకుని, ఏ రాయి ఎవరి హద్దో, ఏ పనసచెట్టు ఎవరి గట్టో అడిగి రాసిన చిట్టా అది. తూర్పు కొండమీద ఆమెకీ ఎకరన్నర ఉంది.

“ఏటి బావూ, మీరూ ఏటైనా ఫ్రీగా ఇచ్చీడానికే వొచ్చినారా?”

“లేదమ్మా, పరీక్షించడానికి వచ్చాను.”

“అయితే కూకోండి. ఫ్రీగా ఇచ్చీవోలకి కుర్సీ ఎయ్యడం మానీసినాం.”

లోపల తొమ్మిది పాత కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. తొమ్మిది ఊళ్ల నుంచి తొమ్మిదిమంది ఆడపిల్లలు వచ్చి, ఎవరి ఊరి చిట్టా వారు కొడతారు. వాటన్నిటినీ కలుపుతూ గోడకి ఇటుకంత హబ్బు, దానిమీద వరసగా పచ్చ దీపాలు. మూల కొత్త సర్వర్ పెళ్లికొడుకులా మెరుస్తోంది.

రావు పనిలోకి దిగాడు. మొదటి సీడీ పెద్ద కంపెనీది. పెట్టగానే ర్యామ్ చాలదంది. ఎంత కావాలంటే, ఉన్నదానికి పదహారింతలు! రాముడు లేకపోతే అయోధ్య పాదుకలతోనైనా నడిచింది. ర్యామ్ లేకపోతే ఈ సిస్టమ్ బూటు కూడా కాలేదు. కనక ఆ సీడీ తీసుకెళ్లి, కాకులు బెదరడానికి పెరట్లో చిక్కుడు పాదుకి వేలాడగట్టింది.

రెండోది హరితనెట్, ఇప్పటికే సర్వర్లో ఉన్నది. చూడముచ్చటగా ఉంది, ముసలి కంప్యూటర్ల మీద లేడిపిల్లలా పరుగెడుతోంది. ఒక్కటే చిక్కు. ఏ ఫైలైనా పెద్ద పెట్టెలోనే, అంటే సర్వర్లోనే ఉండాలి. పెద్ద పెట్టె సరేనంటేనే చిన్న పెట్టె తెరుచుకుంటుంది.

“సోనమ్మ మొన్న ట్రైనింగులో అదే సెప్పింది,” అంది కనక. “చిన్న పెట్టెల్లో ఉన్నది సెరిపీండి, అంతా పెద్దదాన్లో పెట్టీండి, పాతకాలం అలవాట్లు మానీండీ అని.”

మూడో సీడీ ఊరూ పేరూ లేని ఔత్సాహికులు కలిసి రాసుకున్న సిస్టమ్. నల్ల తెర, తెల్ల అక్షరాలు. అందం సున్నా, ఆకలి అంతకన్నా సున్నా.

“ఇందులో పెద్ద ఎవుడు బావూ?”

“ఎవడూ లేడు. తొమ్మిదీ సమానమే. ఒకదాని ఫైలు ఇంకోటి అడిగి తీసుకుంటుంది. ఒకటి పడిపోయినా మిగతా ఎనిమిదీ నడుస్తాయి.”

“మా సంగం లాగే ఉన్నాది,” అని ఆ సీడీని కనక తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచారు. కీబోర్డుల మీద ఒక్క వేలు లేదు. అయినా హబ్బు మీద దీపాలు మిణుగురుల్లా కొట్టుకుంటున్నాయి. రావు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

పాత హబ్బుకి ఒక జబ్బు. కొత్తరకం స్విచ్చిలా గుట్టు దాచదు. ఒక కంప్యూటర్ ఇంకోదాని చెవిలో ఊదిన మాట తొమ్మిదింటికీ వినిపిస్తుంది. పోనీ ఆ మాటకి తాళం వేద్దామా అంటే, తాళాలు తీస్తూ వేస్తూ పరుగెత్తే ఓపిక ఈ ముసలి కంప్యూటర్లకి లేదు. అందుకే హెల్డ్‌విక్ వాళ్లు తాళం పీకేశారు. రావు ఒక కంప్యూటర్ ముందు కూర్చుని చెవి ఒగ్గాడు. పెద్ద పెట్టెలోంచి సోని లాప్‌టాప్‌కి చిట్టా మొత్తం వెళ్తోంది. పదకొండువందల నలభై పేర్లు. పది నిమిషాల తర్వాత అదే చిట్టా తిరిగి వచ్చింది. తొమ్మిదివందల ఇరవై ఆరు పేర్లు. తూర్పు కొండ లేదు.

సోని లాప్‌టాప్ అంటే మన మనిషి లాప్‌టాప్! దాన్ని క్రాన్ ఎలా వాడుకుంటున్నాడో పాపం ఆమెకి తెలియదు కాబోలనుకున్నాడు రావు. పులినోట్లో తలపెట్టి దానికి పంటినొప్పేమో అనుకునే మనిషి. ఆమె మళ్లీ కనబడింది శుక్రవారం ఒంటిగంటకే. పక్కకి పిలిచి అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

“ఇంకెవరికైనా చెప్పారా?” అంది సోని.

“మీకే.”

“మంచి పని చేశారు. రండి, సర్వర్‌ని చంపిన యంత్రం కాఫీ గోదాంలో దొరికింది, చూపిస్తాను.”

రావు గోదాంలో అడుగుపెట్టగానే వెనక నుంచి ఫోను లాగేసుకుని తలుపు మూసింది. బయట గొళ్లెం పడింది.

“సారీ, సర్వర్!” తలుపు అవతల గాజులు నవ్వాయి. “కనక ముందు కూర్చుని పంపలేం కదా. నేను కిందికెళ్లి వేన్ ఎక్కుతా. క్రాన్ వేన్‌మీద శాటిలైట్ డిష్ ఉంది. చెట్లూ కొండలూ దాటి ఈ గట్టెక్కితే ఆకాశం దొరుకుతుంది. రెండున్నరకి మా చిట్టా వెళ్లిపోతుంది. పైగా ఈ వారం మాకు కలిసొచ్చింది. ఊళ్లో మగపురుగు లేదు. అంతా పండగ వేటకి అడవికి పోయారు.”

రావు కాఫీ బస్తాల మధ్య నిలబడి గడియారం వైపు చూశాడు. గోదాంలో వేడి ముప్ఫై ఒకటి డిగ్రీలని చెప్పింది.

అరిచి అరిచి గొంతు ఆరిపోయాక గొళ్లెం తీసిన చప్పుడైంది. గుమ్మంలో కనక.

“ఏటి బావూ, గోదాంలో ఏటి సేత్తన్నారు?”

“టైమెంత?”

“రెండూ ముప్పై రెండు.”

ఇద్దరూ ఆఫీసులోకి పరుగెత్తారు. పెద్ద పెట్టె పొట్ట విప్పి ఉంది. లోపల డిస్కు లేదు. తొమ్మిది తెరలమీదా ఒకటే ఎర్ర అక్షరాలు: ‘సర్వర్ కోసం వేచి ఉండండి.’ కిటికీలోంచి చూస్తే కింద మలుపులో తెల్ల వేన్ పైకి పాకుతోంది.

రావు కుర్చీలో కూలబడ్డాడు. “అయిపోయిందమ్మా. చిట్టా అంతా ఆ డిస్కులోనే ఉంది. చిన్న పెట్టెల్లోది మీ చేతే చెరిపించింది.”

“సెరపమని సెప్పింది,” అంది కనక.

“మరి?”

“ఇన్నాం. సెయ్యలేదు.”

“చెయ్యలేదా?” రావు లేచి నిలబడ్డాడు.

“ఏల సెరుపుతాం బావూ? మా అయ్యోలు కొండలమీద పోడు సేసుకుంతన్నప్పట్నించీ ఎవుడో ఒకడొచ్చి మీకాడున్నది మాకిచ్చీండి, మేం దాస్తాం అంతన్నాడు. ఇచ్చినోళ్లకి తిరిగొచ్చింది నేదు. ఈ ఆడగుంటలకి నానే సెప్పినాను. సోనమ్మ అడిగితే సెరిపీసినాం అని తలూపండి, ఎవురి ఊరుది ఆళ్ల పెట్టెలోనే ఉంచండీ అని.”

రావుకి ఇరవై ఏళ్ల సర్వీసులో మొదటిసారి కళ్లు చెమర్చాయి. “సేవ్ చెయ్యడమే అసలైన సేవ కనకమ్మా! మూడో సీడీ ఏది?”

చిట్టా పోర్టల్ దాకా వెళ్లాల్సిన టెలిఫోను తీగ ఎవరూ కొయ్యలేదు. పెట్టెలు చచ్చాక తీగతో పనేముందని సోని అనుకుంది. కానీ సీడీ ఒకటి, కంప్యూటర్లు తొమ్మిది. ఒక్కోదానికీ రెండేసి నిమిషాలు. సిస్టమ్ మొత్తం జ్ఞాపకంలోకి ఎక్కాక సీడీ ఊడదీసి పక్కదానికి పెట్టాలి. తొమ్మిదిమంది ఆపరేటర్లూ పండగకి రోడ్డుమీద ఉన్నారు. రావూ కనకే సీడీ పట్టుకుని వంటింట్లో అట్లకాడలా ఒక పెట్టెనుంచి ఇంకో పెట్టెకి పరుగెత్తారు.

మూడోది లేచేసరికి కింద వేన్ మలుపు తిరిగింది. అంతలో వేన్ ముందు ఒక వెదురుబొంగు వాలింది.

చైత్రంలో ఇటుకల పండుగ అనే వేట పండగ వచ్చిందంటే మగవాళ్లు విల్లంబులతో అడవిలో ఉంటారు, రోడ్డు ఆడవాళ్లది. అడ్డంగా బొంగు కట్టి, వచ్చే బండినల్లా ఆపి పాట పాడతారు. దాటాలంటే చేతనైనంత ఇవ్వాలి, లేదా వాళ్లతో కలిసి థింసా నాట్యం ఆడాలి. ఊళ్లో మగపురుగు లేదని లెక్కేసిన క్రాన్‌కి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. నలభైమంది ఆడవాళ్లు చెయ్యీ చెయ్యీ కలిపి వేన్ చుట్టూ గొలుసు కట్టారు. ముందు డెబ్భై ఏళ్ల గెమ్మెలి బుద్రి, ఆమె వెనక తొమ్మిదిమంది ఆపరేటర్లు.

కనక కిటికీలోంచి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి కేకేసింది: “ఓలత్తా! ఆ తెల్ల బండి మన కొండకోసం వొచ్చింది! బేగి ఒదలొద్దు!”

“ఒదిలితే నా పేరు బుద్రి కాదు!” గాలిలో జవాబు పైకొచ్చింది.

ఎర్రటోపీ పెట్టుకున్న ఆరడుగుల తెల్లమనిషి కిందికి దిగాడు. క్రాన్. అప్పుడే అతను జీవితంలోకెల్లా ఖరీదైన తప్పు చేశాడు. త్వరగా వదులుతారని ఐదువందల నోట్ల కట్ట తీసి బుద్రి చేతిలో పెట్టాడు.

డబ్బిస్తే తోవ వస్తుందని మైదానం లెక్క. ఇక్కడ పది రూపాయలిచ్చినవాడికి పదిమాటల పాట. కట్ట ఇచ్చినవాడు మామూలు మనిషా? అతని తల్లినీ తాతనీ, నడిపే బండినీ పొగడకుండా పంపితే ఊరికి మాట రాదూ? డప్పులు మోగాయి. పాట మొదటినుంచి అందుకున్నారు. క్రాన్ చెయ్యీ సోని చెయ్యీ పట్టి వరసలోకి లాగారు. సోని ఎత్తు మడమల చెప్పులతో మూడడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ!

“ఇంకో కట్ట ఇచ్చి వదిలించుకుందాం!” క్రాన్ ఇంగ్లీషులో గావుకేక పెట్టాడు. ఇచ్చాడు కూడా. పాట మళ్లీ మొదటికొచ్చింది.

పైన రెండూ యాభై. తొమ్మిదో కంప్యూటర్ తలుపు తెరుచుకోలేదు. సీడీ పెట్టే పళ్లెం బిగుసుకుపోయింది. రావు నొక్కాడు, బతిమాలాడు, బూతు తిట్టాడు.

“తప్పుకోండి బావూ.” కనక కొప్పులోంచి పిన్ను తీసి, మూత కింద చీమ కన్నంత రంధ్రంలో పొడిచింది. పళ్లెం చటుక్కున బయటికొచ్చింది. తొమ్మిదోది తూర్పు కొండ పెట్టె!

రెండూ యాభై మూడు. నల్ల తెరమీద తెల్ల అక్షరాలు పాకాయి. ఒక పెట్టె ఇంకోదాన్ని పేరుపెట్టి పలకరించింది. ఎనిమిది ఊళ్లు ఒక చోటికి చేరాయి. తొమ్మిదోది చేరింది. పదకొండువందల నలభై. పోర్టల్ తలుపు తట్టారు. పాత రాగి తీగ మీద చిట్టా చీమలబారులా బయల్దేరింది. నలభై శాతం. అరవై.

కింద పాట అయిపోయింది. వెదురుబొంగు లేచింది. వేన్ ఒక్క ఉదుటున గట్టువైపు దూకింది.

ఎనభై ఐదు. వేన్ చివరి మలుపు తిరిగింది. తొంభై రెండు. గట్టుమీద ఆగింది. పైకప్పు తెరుచుకుని డిష్ ఆకాశం వైపు మొహం తిప్పింది. తొంభై ఎనిమిది. కనక రావు భుజం పట్టుకుంది. గోళ్లు దిగాయి. తొంభై తొమ్మిది దగ్గర తెర ఆగిపోయింది.

“ఎల్లు!” అంది కనక కంప్యూటర్‌తో. దుక్కిటెద్దుని అదిలించినట్టు. “ఎల్లెహె!”

మూల డాట్ మాట్రిక్స్ ప్రింటరు కరకరలాడుతూ కాగితం కక్కింది: ‘జోడిగుడ సంఘం. 1,140 కుటుంబాలు. అందినది. 2 గంటల 59 నిమిషాల 51 సెకన్లు.’

బయట వేన్‌లో క్రాన్ తెరమీదా ఒక సందేశం వచ్చింది: ‘మీ సంఘం చిట్టా ఇప్పటికే అందింది. మీ శ్రద్ధకు ధన్యవాదాలు.’

సోని మెల్లగా దిగి, విరిగిన మడమతో కుంటుతూ చెట్లలోకి జారబోయింది. ఆమె సంచిలో సర్వర్ డిస్కు ఉంది. వేన్ వెనకే అడ్డదారిన ఎక్కివచ్చిన నలభైమంది ఆమె ముందు చెయ్యీ చెయ్యీ కలిపి నిలబడ్డారు. ఈసారి ఎవరూ పాడలేదు.

“మీ కొండ విలువెంతో మీకు తెలుసా?” క్రాన్ కనక మీదికి వేలు చూపిస్తూ అరిచాడు. రావు తెలుగు చేశాడు.

“తెలీబట్టే ఇవ్వనేదని సెప్పండి,” అంది కనక.

వాళ్లని పట్టుకెళ్లడానికి పోలీసు జీపు బయల్దేరింది గానీ, కింద ఇంకో మలుపులో పక్క ఊరి ఆడవాళ్లు దాన్నీ ఆపారు. ఇన్‌స్పెక్టరు దగ్గర చిల్లర లేదు. ఆడి వచ్చేసరికి నాలుగున్నర.

రావు తన ఫోను సోని సంచిలోంచి తీసుకుని చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“శభాష్ సర్వర్! రిపోర్టులో ఏ సిస్టమ్ మంచిదని రాస్తున్నావు?”

“పెద్ద పెట్టె లేనిది సార్. అది సరే, మన కోడ్ మాట, నేనెక్కే రైలు, అన్నీ సోని ద్వారా క్రాన్‌కి చేరాయనుకున్నా, అసలు ఆమెని మన మనిషని శాఖ ఫైల్లో రాసిందెవరు? ఆ ఫైళ్లు ఏ సర్వర్లో ఉన్నాయి?”

అవతల జెరాక్స్ మిషను ఆపిన చప్పుడైంది.

“కొత్త సర్వరయ్యా,” అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి. “పోయిన నెలే పెట్టించాను. ఎవరో ఫౌండేషన్ వాళ్లు... ఫ్రీగా ఇచ్చారు.”

రావు ఫోను అరచేత్తో మూసి, కనకకి సంగతి చెప్పాడు. ఆమె జారిన కొప్పు బిగించి, పిన్ను గుచ్చుకుంది.

“మీ పెద్దయ్యని సోమారం బేగి వొచ్చీమనండి బావూ. ట్రైనింగు మేం ఇత్తాం.”